నీటిమట్టం లాగర్లు, అలారాలు: అపోహలు - వాస్తవాలు

చెరువు కట్టల మీద, పరిశీలక బోర్లలో నీటిమట్టం లాగర్లు, అంటే సెన్సర్ రీడింగులను దాచుకుని ఫోన్‌కు పంపే పెట్టెలు, బిగించడం నా పని. పెట్టె బిగించాక ఫోన్‌లో గ్రాఫ్ కనిపిస్తుంటే అందరికీ ధైర్యంగానే ఉంటుంది. ఆ గీత తప్పని తెలిసేది మాత్రం వరద వచ్చిన రాత్రే. ఈ పనిలో నాకు పదే పదే వినిపించే మాటలు కొన్ని, వాటి వెనకున్న అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లాగర్ నీటిమట్టాన్ని కొలుస్తుంది.

కొలవదు. నీళ్లలో వేలాడే ప్రెజర్ సెన్సర్‌కు తెలిసేది తన మీద పడే ఒత్తిడి ఒక్కటే. ఆ ఒత్తిడిని బట్టి తన పైన ఎన్ని మీటర్ల నీళ్లున్నాయో లెక్క కడుతుంది. మనకు కావలసింది వేరు. బోరులో అయితే పైనుంచి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలియాలి. చెరువులో అయితే అలుగు పారడానికి ఇంకా ఎంత ఉందో తెలియాలి. ఈ రెండూ తేలాలంటే సెన్సర్ ఏ మట్టంలో ఉందో మనమే చెప్పాలి.

నేను చేసేది ఇది. కేసింగ్ పైపు అంచు మీద పెయింట్‌తో ఒక గుర్తు పెడతాను. అక్కడి నుంచి బజర్ టేపు దించుతాను. నీళ్లు తగలగానే కూత వేస్తుంది. టేపు 14.32 మీటర్లు చూపి, అదే నిమిషంలో లాగర్ తన పైన 8.18 మీటర్ల నీళ్లున్నాయని చూపిందంటే సెన్సర్ 22.50 మీటర్ల లోతున ఉన్నట్టు. సెటప్‌లో ఎక్కించాల్సిన అంకె అదే. కేబుల్ పొడవు 22 మీటర్లని డబ్బా మీద రాసి ఉంది కదా అని 22 ఎక్కించకండి. పైగా చుట్ట విప్పిన కేబుల్ మెలికలు పోయి నిటారుగా దిగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే మర్నాడు మళ్లీ టేపు వేయాలి. చెరువులో టేపు బదులు తూము దగ్గరి గేజి చూసుకుంటే చాలు. ఆ గేజి సున్నా, అలుగు మట్టం ఒకే లెవెల్ లెక్కలో ఉన్నాయో లేదో ముందు సర్వే చేయించుకోవాలి.

అపోహ: పెద్ద రేంజి సెన్సర్ కొంటే ఎప్పటికైనా పనికొస్తుంది.

రేంజి అంటే సెన్సర్ తన పైన గరిష్ఠంగా కొలవగల నీటి లోతు. ఖచ్చితత్వాన్ని సాధారణంగా మొత్తం రేంజిలో శాతంగా చెబుతారు. 0.1 శాతం అంటే 10 మీటర్ల సెన్సర్‌లో 1 సెంటీమీటరు, 100 మీటర్ల దానిలో 10 సెంటీమీటర్లు. నాలుగు మీటర్ల లోతున్న చెరువుకు 100 మీటర్లది వేస్తే అలుగు దగ్గర లెక్క తేలదు. బోరు 90 మీటర్లు తవ్వారని కూడా 100 మీటర్లది అక్కర్లేదు. సెన్సర్ మీద ఎప్పుడైనా గరిష్ఠంగా ఎన్ని మీటర్ల నీళ్లు నిలుస్తాయో అదొక్కటే చూడాలి.

అపోహ: గాలి ఒత్తిడిని పట్టించుకోనక్కర్లేదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. 1 మిల్లీబార్ గాలి ఒత్తిడి దాదాపు 1 సెంటీమీటరు నీటికి సమానం. మన ప్రాంతంలో తుఫాను లేకపోయినా గాలి ఒత్తిడి రోజుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ, తేడా 3-4 మిల్లీబార్లు. వెంట్ (బయటి గాలి అందే గొట్టం) లేని సెన్సర్ ఈ తేడాను కూడా నీళ్ల లెక్కలోనే కలిపేస్తుంది. గ్రాఫ్ చూసినవాళ్లు పక్క పొలంలో మోటారు నడుస్తోందనుకుంటారు.

ఇక వాయుగుండమో తుఫానో దగ్గరికొచ్చి ఒత్తిడి 20 మిల్లీబార్లు పడిందనుకోండి. చెరువు నిండుతున్న వేళే లాగర్ 20 సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. అలారం మోగాల్సిన సమయానికి మోగదు.

వెంటెడ్ కేబుల్ అయితే అందులోని సన్నని గొట్టం బయటి గాలిని సెన్సర్ దాకా తీసుకెళ్లి ఈ తేడాను కొట్టేస్తుంది. ఆ గొట్టంలోకి తేమ చేరకుండా పైన సిలికా జెల్ గింజలుంటాయి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే వెంటనే మార్చాలి, వానాకాలంలో అవి తొందరగా తిరుగుతాయి. వెంట్ లేనిదైతే గాలి ఒత్తిడి కొలిచే ఇంకో లాగర్‌ను ఒడ్డున పెట్టి, దాని రీడింగ్‌ను తీసేయాలి. ఈ తీసివేత తర్వాత ఎప్పుడో కంప్యూటర్‌లో కాదు, అలారం తేల్చే చోటే, అప్పటికప్పుడే జరగాలి. సెటప్‌లో ఇది ఉందో లేదో తప్పకుండా చూడండి.

అపోహ: 15 నిమిషాలకోసారి కొలుస్తోంది కాబట్టి 15 నిమిషాల్లో మనకు తెలిసిపోతుంది.

కొలవడం వేరు, పంపడం వేరు. బ్యాటరీ ఆదా కోసం చాలా లాగర్లు కొలతలను దాచుకుని ఆరు గంటలకోసారో రోజుకోసారో పంపుతాయి. హద్దు దాటగానే వేళ కాకపోయినా పంపాలనే సెట్టింగ్ విడిగా ఉంటుంది. దాన్ని ఆన్ చేయకపోతే అర్ధరాత్రి వరద కబురు తెల్లారాక అందుతుంది. టైమ్ కూడా చూసుకోండి. గడియారం మన టైమ్‌లో కాక యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉండిపోతే ప్రతి రీడింగ్ ఐదున్నర గంటలు తేడా చూపిస్తుంది.

అపోహ: అలుగు మట్టానికి ఒక అలారం పెడితే చాలు.

భద్రాచలం దగ్గర గోదావరికి మూడు హెచ్చరికలున్నాయి. 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. 43 దగ్గరే జనం కదలడం మొదలవుతుంది కాబట్టి ఆ అంకెకు విలువ. చెరువుకైనా అంతే. చెరువు తూములు చూసుకునే లష్కర్ వచ్చి తూము ఎత్తడానికి మూడు గంటలు పడుతుందనుకుందాం. గట్టి వానకు చెరువు గంటకు 20 సెంటీమీటర్లు పెరుగుతుందనుకుందాం. అలాంటప్పుడు మొదటి అలారం అలుగుకు కనీసం 60 సెంటీమీటర్ల కిందే మోగాలి.

మోగే మట్టం ఒకటి, ఆగే మట్టం ఇంకొకటి పెట్టాలి. ఒక చెరువు దగ్గర మొదట్లో నేను రెండూ 3.50 మీటర్లే పెట్టాను. గాలికి అలలు లేచి ఆ గీత పైకీ కిందికీ ఊగుతుంటే రాత్రంతా మెసేజ్‌లే. తెల్లారేసరికి లష్కర్ ఫోన్ సైలెంట్‌లో పెట్టేశాడు. వారం తర్వాత నిజంగా నీళ్లొచ్చిన రోజు కూడా ఆ ఫోన్ సైలెంట్‌లోనే ఉంది. కట్ట నిలిచింది గానీ ఆ టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేను. ఇప్పుడు 3.50కి వరసగా మూడు రీడింగులు వస్తేనే మోగేలా, 3.40కి దిగితేనే ఆగేలా పెడుతున్నాను.

అపోహ: అలారం రాలేదంటే అంతా బాగానే ఉన్నట్టు.

సిమ్ రీచార్జ్ అయిపోయినా, యాంటెన్నా వైరు ఎలుక కొరికినా, టవర్ పడిపోయినా అలారం రాదు. అందుకే రెండుసార్లు వరసగా డేటా రాకపోతే సర్వరే మెసేజ్ పంపాలి. పెద్ద వాన రాత్రి నేను ముందు చూసేది ఈ మెసేజ్‌నే. బ్యాటరీ వోల్టేజీని కూడా గుడ్డిగా నమ్మకండి. 3.6 వోల్టుల లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ చివరిదాకా దాదాపు అదే వోల్టేజీ చూపించి, ఒక్కసారిగా పడిపోతుంది. ఎంత మిగిలిందో చూసి కాదు, వేసిన తేదీని చూసి మార్చాలి.

ఏటా మృగశిర కార్తెకు ముందు ప్రతి లాగర్ దగ్గరికీ వెళ్తాను. సెన్సర్ పైకి తీసి బురద కడుగుతాను. నీళ్లు నింపిన రెండు మీటర్ల పీవీసీ పైపులో దాన్ని ఒక మీటరు లోతుకు దించి, ఒక మీటరే చూపిస్తోందా అని చూస్తాను. తర్వాత అలారం హద్దును కాసేపు తగ్గించి, లష్కర్ ఫోన్ మోగేదాకా కట్ట మీదే ఉంటాను. లిస్టులో ఉన్న మిగతా నంబర్లకు నేనే ఫోన్ చేస్తాను. పోయిన ఏడాది ఐదు నంబర్లలో రెండు మారిపోయి ఉన్నాయి.