ఆట ఆగిపోతే ఆటనే తిట్టకండి

చిరంజీవులు చిట్టికి, బుజ్జికి,

మీ పెదనాన్న ఆశీస్సులు. మీ ఉత్తరం చదివాను. కంప్యూటర్‌లో కొత్త ర్యామ్, అంటే మెమరీ ముక్కలు, వేసినప్పటి నుంచి ఆట మధ్యలో మూసుకుపోతోందని, మూడుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించినా ఫలితం లేదని రాశారు. ఆట తయారు చేసినవాళ్లకు పని రాదని తీర్పు కూడా చెప్పేశారు. ఆ తీర్పును కొద్దిరోజులు పక్కన పెట్టి, నేనడిగేది చెప్పండి. ఆట ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందా, ఎక్కడ పడితే అక్కడ ఆగుతోందా?

ఎప్పుడూ అదే గుహలో, అదే తలుపు తెరవగానే ఆగితే తప్పు చాలావరకు ఆటదే, లేదా మీరు దానికి తగిలించిన మాడ్‌ది, అంటే బయటివాళ్లు చేసిన చేర్పుది. ఒకరోజు మెనూలో, ఇంకోరోజు యుద్ధంలో, మరోరోజు ఊరికే నిలబడి ఉండగా ఆగుతుంటే నా అనుమానం మెమరీ మీదకు పోతుంది. మెమరీకి వచ్చే జబ్బులు రెండు. ఒకటి చాలకపోవడం, రెండోది తప్పు చెప్పడం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ మందులు వేరు.

మొదటిది తేలిక. ఆట ఆడుతూనే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ పేజీ చూడండి. కమిటెడ్ అనే చోట గీతకు అటూ ఇటూ రెండు అంకెలుంటాయి. మొదటిది విండోస్ ఇప్పటికే మాట ఇచ్చేసిన మెమరీ, రెండోది అది ఇవ్వగల గరిష్ఠ పరిమితి. ఆ పరిమితి అంటే ర్యామ్, దానికి తోడుగా విండోస్ డిస్కు మీద వాడుకునే పేజీ ఫైల్ కలిపిన మొత్తం. డిస్కు అరిగిపోతుందని ఎవరో చెబితే విని పేజీ ఫైల్ తీసేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అప్పుడు 16 జీబీ కంప్యూటర్‌లో ఆ రెండో అంకె దాదాపు 15.9 దగ్గరే నిలిచిపోతుంది. మొదటి అంకె దాన్ని తాకిందంటే, ర్యామ్‌లో ఇంకా ఖాళీ కనిపిస్తున్నా సరే, ఆట అడిగిన కొత్త చోటుకు విండోస్ లేదు పొమ్మంటుంది. చాలా ఆటలకు ఆ జవాబు భరించడం రాదు, అక్కడికక్కడే కూలిపోతాయి. పేజీ ఫైల్‌ను విండోస్ చేతికే వదిలేయండి.

మరీ ఎక్కువ ఇచ్చినా ఇబ్బందే. మైన్‌క్రాఫ్ట్ జావా ఆటకు ఎంత మెమరీ ఇవ్వాలో మనమే చెప్పవచ్చు కదా. ఉన్న 8 జీబీలో 7 దానికే రాసిచ్చేస్తే విండోస్ ఎక్కడ కూర్చోవాలి? ఇక పాతకాలపు 32 బిట్ల ఆటల సంగతి వేరు. మీ దగ్గర 64 జీబీ ఉన్నా, తయారు చేసినప్పుడు ప్రత్యేకంగా అనుమతి పెట్టకపోతే అవి 2 జీబీ దాటి వాడుకోలేవు. వాటికి కొత్త ర్యామ్ కొనడం డబ్బు దండగ.

మీ ఇంట్లో జరుగుతున్నది రెండో జబ్బేమోనని నా అనుమానం. ర్యామ్ పెట్టె మీద వేగం 3600 అని పెద్ద అక్షరాలతో ఉందని రాశారు. అది డీడీఆర్4 తరం ర్యామ్ కాబట్టి, మీరు ఏమీ ముట్టుకోకపోతే సాధారణంగా 2133 లేదా 2666 వంటి ప్రామాణిక వేగంతోనే నడుస్తుంది. 3600 రావాలంటే, విండోస్ కన్నా ముందు మేలుకునే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అనే వేగం అమరికను వెలిగించాలి. ఇంటెల్ దీన్ని 2007లో డీడీఆర్3 కాలంలో తెచ్చింది. ఏఎండీ 2022లో డీడీఆర్5 కోసం ఎక్స్‌పో అని తనది తెచ్చుకుంది. పేరేదైనా చేసే పని ఒకటే. వేగం పెంచి, ర్యామ్ జవాబిచ్చే గడువులు బిగించి, మీ డీడీఆర్4లో అయితే వోల్టేజీని 1.2 నుంచి చాలాసార్లు 1.35కు ఎక్కిస్తుంది. ర్యామ్ ఆ వేగాన్ని తట్టుకోవచ్చు. మీ ప్రాసెసర్, మీ మదర్‌బోర్డు కూడా తట్టుకుంటాయని ఆ పెట్టె మీద ఎవరూ రాయలేదు. పైగా మీరు పాత రెండు ముక్కలూ ఉంచి కొత్త రెండు చేర్చారు. నాలుగింటినీ పరుగెత్తించడం రెండింటికన్నా కష్టం. కంపెనీ ఒకటే అయినా లోపలి చిప్‌లు వేరుగా ఉండవచ్చు.

నేనూ ఒకసారి ఇలాగే మోసపోయాను. మూడు రోజులు ఆటను, డ్రైవర్‌ను, చివరికి విండోస్‌ను కూడా మళ్లీ ఎక్కించాను. నాలుగో రాత్రి మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ప్రోగ్రామ్ పెట్టి పడుకున్నాను. పొద్దున తెర మీద ఒక తప్పు పట్టుబడి ఉంది. సారాంశం ఇదీ: రాసింది 11111111, తిరిగి చదివితే వచ్చింది 11110111. ఒక్క సున్నా! అది ఒక బొమ్మ రంగులో పడితే చుక్క మారిందని కూడా మీకు తెలియదు. ఆట తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామాలో పడితే, తనది కాని చోటికి వెళ్లబోయిన ఆటను విండోస్ మెడపట్టి బయటకు తోస్తుంది. విండోస్ తప్పులు రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్‌లో 0xc0000005 అని కనిపించేది ఆ గెంటివేత ముద్రే. డ్రైవర్ తప్పు వల్ల, ఆటలోని లోపం వల్ల కూడా అదే ముద్ర పడుతుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే సాక్ష్యంగా పట్టుకోకండి.

నాకు భయం వేసేది ఇంకొకటి ఉంది. ఆ సున్నా మీరు దాచుకున్న ఫైలులోకి కూడా జారగలదు. అందుకని మిగతా పనులన్నిటికన్నా ముందు మీ ఆట సేవ్‌లను, బడి పనులను వేరే డిస్కులోకి ఎక్కించండి.

తర్వాత ఎక్స్‌ఎంపీ ఆపేసి రెండు రోజులు ఆడండి. ఆగడం మానేస్తే దొంగ వేగమే. మళ్లీ వెలిగించి, వేగాన్ని మాత్రం 3200కు తగ్గించి చూడండి. ఆటలో ఆ తేడా మీ కళ్లకు ఆనదు, అంకెలు చూసి ముచ్చటపడేవాళ్లకే ఆనుతుంది. మామూలు వేగంలో కూడా ఆగుతుంటే, కరెంటు తీగ పీకి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా లోహాన్ని ఒకసారి తాకి, ఒక్క ర్యామ్ ముక్కనే ఉంచి పరీక్ష పెట్టండి. ఆ తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. అన్నిటినీ ఒక్కొక్కటిగా ఒకే గాడిలో (స్లాట్‌లో) పెట్టి చూడండి. చాలా బోర్డుల్లో ఒంటరి ముక్కకు ప్రాసెసర్ వైపు నుంచి రెండో గాడి సరైనది. ఒకేసారి రెండు మార్పులు చేశారో, దేనివల్ల బాగుపడిందో మీకూ తెలియదు, నాకూ చెప్పలేరు.

బయోస్ మార్చాక తెర కాసేపు నల్లగా ఉంటే కంగారుపడి బటన్ నొక్కకండి. బోర్డు ర్యామ్‌తో సర్దుకుంటూ ఉంటుంది. కుదరకపోతే చాలా బోర్డులు రెండు మూడు ప్రయత్నాల తర్వాత తమంతట తామే పాత వేగానికి దిగివస్తాయి.

పరీక్ష రాత్రి పెట్టి పడుకోండి. తప్పు చూపిన ముక్క ఏదైనా ఉంటే దాని మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తెర ఫోటో నాకు పంపండి. ఆ ముక్కకు వారంటీ ఉందేమో పెట్టె వెతికి ఉంచండి, పారేయలేదు కదా?

ఇట్లు,
మీ పెదనాన్న