స్ప్రేయర్ డబ్బా, నాయనమ్మ మతిమరుపు

పర్లాకిమిడి

బుజ్జీ, చిన్నా,

బరంపురంలో మీది ఒడియా మీడియం కాబట్టి ఈ తెలుగు ఉత్తరం కూడబలుక్కుంటూ మెల్లగా చదవండి. "నాయనమ్మ మతిమరుపూ, గుణుపురం పెద్దతాత మతిమరుపూ ఒకటేనా?" అని బుజ్జి ఫోన్లో అడిగింది. అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను.

ఒకటి కాదమ్మా. పెద్దతాత దసరాకి బాగానే ఉన్నారు. కార్తీకంలో మూతి వంకర పోయింది, ఆ వారంలోనే డబ్బు లెక్క మర్చిపోయారు. కొన్నాళ్లు అలాగే ఉండి, మళ్లీ ఇంకో మెట్టు దిగారు. మెదడులో రక్తనాళాలు మూసుకుపోతే వచ్చేది ఇది, వాస్కులర్ డిమెన్షియా అంటారు. మీ నాయనమ్మది ఎప్పుడు మొదలైందో ఎవరం కనిపెట్టలేదు. అడిగిందే అడుగుతుంటే నేను విసుక్కునేవాణ్ణి కూడా. అది ఆల్జీమర్స్. 1906లో ఆ పేరుగల జర్మన్ డాక్టరు, చనిపోయిన ఒక రోగి మెదడులో పేరుకున్న మచ్చల గురించి చెప్పాడు.

రెండింటికీ ఒక చుట్టరికం ఉంది. వీపుకి తగిలించుకునే స్ప్రేయర్ చూశారుగా? చెయ్యి పైకీ కిందకీ ఆడిస్తుంటాం, మందు మాత్రం ఒకే ధారగా వస్తుంది. లోపలి చిన్న గదిలో గాలి నొక్కుకుని, మళ్లీ నెమ్మదిగా నెడుతుంది. పోయినేడు మనదాంట్లో ఆ గది పాడై, నాజిల్ ఫుట్ ఫుట్‌మని చిమ్మింది. సగం మందు నా లుంగీకే.

గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని ఆ గదిలాంటిదే. గుండె కొట్టగానే సాగుతుంది, వెంటనే ముడుచుకుని రక్తాన్ని సాఫీగా పంపుతుంది. 1733లోనే స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు పాదిరీ దీన్ని మంటలార్పే పంపుతో పోల్చాడు. గుర్రానికి గాజుగొట్టం పెట్టి రక్తపోటు కొలిచింది కూడా ఆయనే. పాపం గుర్రం.

వయసు, బీపీ, షుగరు, చుట్ట కలిసి ఆ గోడని బిరుసెక్కిస్తాయి. అప్పుడు ప్రతి దెబ్బా సన్నటి నాళాల మీదే పడుతుంది. మెదడు ఒంటి బరువులో 2 శాతమే, కానీ ఆక్సిజన్‌లో 20 శాతం దానికే కావాలి. అందుకే దాని నాళాలు రక్తాన్ని పెద్దగా అడ్డుకోవు, దెబ్బ లోపలిదాకా పోతుంది. ఆల్జీమర్స్ వాళ్లలోనూ నాళాల జబ్బు కలిసి ఉండటం మామూలే. లూయీ బాడీ అనే ఇంకో రకం మతిమరుపులో లేచి నిలబడగానే బీపీ పడిపోతుంటుంది.

పెద్దాసుపత్రుల్లో గుండె కొట్టినప్పుడల్లా నాళం వెంట పరుగెత్తే నాడి అల వేగాన్ని మెడ దగ్గరా తొడ దగ్గరా కొలుస్తారు. గొట్టం గట్టిపడేకొద్దీ అల వేగం పెరుగుతుంది. సెకనుకి 10 మీటర్లు దాటితే బిరుసెక్కినట్టే. మన ఇంట్లో బీపీ మిషన్ ఒకటే ఉంది. నాయనమ్మకి పైది 168, కిందది 70 వస్తే, కిందది తక్కువేగా అని సంతోషించాను. పైదానికీ కిందదానికీ మధ్య అంత తేడా ఉండటమే నాళం గట్టిపడిందని చెబుతోందని తర్వాత తెలిసింది. ఎండుచేపలూ ఆవకాయా అప్పుడే తగ్గించి ఉండాల్సింది.

సెలవులకి వచ్చినప్పుడు "నేనెవర్ని, చెప్పు" అని నాయనమ్మకి పరీక్ష పెట్టకండి. మీ పేరు మీరే చెప్పేసి పక్కన కూర్చోండి. స్ప్రేయర్ వాషర్లు బరంపురంలో దొరికితే రెండు తెండి.

మీ తాతయ్య