రెజిన్ కన్వర్షన్‌తో మిగ్-21 మోడల్: అపోహలు – వాస్తవాలు

మిగ్-21 యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ కిట్లలో ఎక్కువ భాగం ఒంటి సీటువే. మన వాయుసేన పైలట్లు మిగ్ నడపడం నేర్చుకున్న రెండు సీట్ల టైప్ 69, అంటే మిగ్-21యూఎమ్ కావాలంటే, ఒంటి సీటు కిట్‌ను కోసి దానికి రెజిన్‌లో పోతపోసిన ముందుభాగం అతికించడం ఒక దారి. ఆ రెజిన్ ముక్కల సెట్టే కన్వర్షన్ కిట్. నల్లగొండ, పాలమూరు వైపు వీటిని పార్సిల్‌లో తెప్పించుకుని, నాలుగు వీడియోలు చూసి రంపం పట్టేవాళ్లే ఎక్కువ. రెజిన్ కూడా ప్లాస్టిక్ లాంటిదే కదా అనుకోవడంతో సగం గోల మొదలవుతుంది. ఏ విమానం కడుతున్నామో తేల్చుకోకపోవడంతో మిగతా సగం.

అపోహ: కాక్‌పిట్ మారిస్తే చాలు, రెండు సీట్ల మిగ్ అయిపోతుంది.

వాస్తవం: సీటు ఒక్కటే తేడా అయితే ఇంత కథే లేదు. ట్రైనర్ మిగ్-21యూఎమ్ ముక్కులో రాడార్ ఉండదు. అందుకే గాలి పీల్చే నోరు, దాని మధ్యలోని కోన్ రెండూ ఒంటి సీటు రకమైన మిగ్-21బిస్ కంటే చిన్నవి, పాత ఎఫ్-13 తరహావి. ఎఫ్-13కు ముక్కు కింద ఉండే, వేగం కొలిచే పిటో గొట్టం దీనికి ముక్కు పైకి వచ్చింది. బిస్ పొట్టలో ఉండే జీఎస్‌హెచ్-23 ఫిరంగి దీనికి లేదు. రెక్కల కింద ఆయుధాలు తగిలించే పైలాన్లు బిస్‌కు నాలుగు, దీనికి రెండే. వెనక కూర్చునే శిక్షకుడికి ముందు కనపడదు కాబట్టి అతని కనోపీ (కాక్‌పిట్ అద్దపు మూత) మీద పెరిస్కోప్ ఉంటుంది.

బిస్ కిట్‌తో మొదలుపెట్టారంటే పొట్ట కింద ఫిరంగి ఉబ్బును కోసి పూడ్చాలి, బయటి పైలాన్ల రంధ్రాలు మూసెయ్యాలి. అంతకంటే పెద్ద చిక్కు వెన్ను. కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా వీపు మీద ఎత్తుగా సాగే భాగం ఒక్కో రకానికి ఒక్కో లావు. రెజిన్ సెట్ రెండో కాక్‌పిట్ వెనకనే ఆగిపోతే, అక్కడ నుంచి కిట్ వెన్ను కలవాలి. కలవకపోతే ఎంత లప్పం పెట్టినా మూపురంలా కనబడుతుంది. అందుకే సెట్ కాగితం మీద ఏ కంపెనీ, ఏ రకం, ఏ స్కేలు కిట్‌కని రాసి ఉందో సరిగ్గా అదే కొనండి. 1/48లో పీఎఫ్ఎమ్ (ఇంకో ఒంటి సీటు రకం) కోసం చేసిన సెట్ 1/48 బిస్‌కు నప్పుతుందని ఆశ పెట్టుకోవద్దు.

టైప్ 77, అంటే మిగ్-21ఎఫ్ఎల్ కట్టేవాళ్లదీ ఇదే సంగతి. ఇది 2013 డిసెంబర్‌లో వాయుసేన నుంచి తప్పుకుంది. దీని కనోపీ ముందువైపు కీలు మీద పైకి లేస్తుంది. పీఎఫ్ఎమ్, బిస్‌లది కుడి పక్కకు తెరుచుకుంటుంది. ఎఫ్ఎల్‌కు లోపల ఫిరంగి లేదు. పొట్ట కింద తగిలించే జీపీ-9 పాడ్‌లో జీఎస్‌హెచ్-23 ఉంటుంది. కనోపీ మూసి కడితే పని సగం తగ్గుతుంది.

ఇంకో మాట. మీకు కావాల్సిన రకం ప్లాస్టిక్‌లోనే నేరుగా దొరుకుతుంటే అదే కొనండి. కన్వర్షన్ దొరకనిదాని కోసం.

అపోహ: కిట్ గమ్ గట్టిదైతే రెజిన్‌కూ అంటుతుంది.

వాస్తవం: కిట్ సిమెంట్ పాలీస్టైరీన్‌ను కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. పాలీయురెథేన్ రెజిన్‌ను అది కరిగించదు. పైన ఆరి అంటినట్టే ఉంటుంది, గోటితో గీకితే ఊడొస్తుంది. చిన్న ముక్కలకు ఫెవిక్విక్ రకం సయనోఅక్రిలేట్, పెద్ద అతుకులకు రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి. ముందుభాగాన్ని బాడీకి కలిపే చోట ఐదు నిమిషాల ఎపాక్సీయే మేలు. సూటిగా ఉందా లేదా చూసుకుని సర్దుకునే వ్యవధి ఇస్తుంది. సయనో పెళుసు, పక్కనుంచి దెబ్బ తగిలితే టప్పున విడిపోతుంది. అందుకే ఆ అతుకులో 1 మి.మీ. ఇత్తడి కడ్డీ ముక్కలు రెండు మూడు పిన్నుల్లా దించాలి.

కనోపీ దగ్గరికి మాత్రం సయనోను రానివ్వకండి. దాని ఆవిరి అద్దం మీద తెల్లగా పొగబారుతుంది.

అపోహ: కొత్త ముక్కలే కదా, కడగడం దేనికి?

వాస్తవం: అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు ముక్కల మీద మిగిలి ఉంటుంది. దాని మీద ప్రైమర్ నిలవదు. మాస్కింగ్ టేపు పీకినప్పుడు రంగు పొరలుగా లేచి వస్తుంది, తప్పు మాత్రం రంగు మీదకు పోతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, పాత టూత్‌బ్రష్‌తో గీతల్లోకి దూరేలా తోమి, కడిగి ఆరనివ్వండి. మరిగే నీళ్లు వద్దు, సన్న ముక్కలు వంగిపోతాయి.

అపోహ: హ్యాక్సా బ్లేడుతో కోసి, అతుకును లప్పంతో కప్పేయొచ్చు.

వాస్తవం: చాలా మోడళ్లు ఇక్కడే చచ్చిపోతాయి. హ్యాక్సా బ్లేడు దాదాపు 1 మి.మీ. మేర తినేస్తుంది. 1/48లో 1 మి.మీ. అంటే అసలు విమానంలో 48 మి.మీ. 1/72లో అయితే 72. రేజర్ రంపం అందులో నాలుగో వంతే తింటుంది. కోసే తీరు ఇలా ఉండాలి:

బాడీ రెండు సగాలను అతికించి, రాత్రంతా ఆరనివ్వండి. కోయాల్సిన చోట ప్యానెల్ గీత ఉంటే దాని వెంట, లేకపోతే సూచన కాగితంలోని కొలత దగ్గర, మాస్కింగ్ టేపును చుట్టూ ఒక చుట్టు తిప్పండి. టేపు రెండు కొనలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడితేనే గీత అడ్డంగా సూటిగా ఉన్నట్టు. టేపు అంచు వెంట కత్తితో ఐదారు సార్లు మెల్లగా గీయండి. ఆ గాడిలో రంపం పెట్టి, ఒకే వైపు నుంచి అడ్డంగా దించకుండా బాడీని కొద్దికొద్దిగా తిప్పుకుంటూ చుట్టూ కోయండి. పారేసే ముక్క వైపు అర మి.మీ. వదిలి కోసి, మిగిలింది బల్లపరుపు గాజు మీద పరిచిన 320 వాటర్ పేపర్ మీద గీత దాకా రుద్దండి. రెజిన్ ముక్క వెనక ఉండే పోత మొద్దునూ ఇలాగే 1 మి.మీ. వదిలి కోసి, రుద్ది దించాలి. ఒకేసారి అంచు దాకా కోస్తే గీత తప్పుతుంది, రెజిన్ అంచు పెచ్చుగా లేస్తుంది.

అతికించే ముందు రెండు ముక్కల మీదా పైనా కిందా మధ్యగీతలు పెన్సిలుతో గీసుకుని కలపండి. మిగ్-21 రెక్కలు 2 డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి. ముందు నుంచి చూసినప్పుడు రెండు వైపులా వాలు సమానంగా, ముక్కు నిలువుగా ఉందో లేదో ఎపాక్సీ గట్టిపడకముందే చూడాలి. ఆరాక చూసి లాభం లేదు.

లప్పం చివరి మెట్టు. వెంట్రుక వాసి సందులకే అది. అంతకు మించిన సందులో ప్లాస్టిక్ షీటు ముక్క పెట్టి పూడ్చి, ఆరాక రుద్దండి. బండ్ల బాడీ షాపులో దొరికే పుట్టీ పల్చగా పూస్తే పనికొస్తుంది. దాన్ని కలిపే ఎన్‌సీ థిన్నర్ మాత్రం పాలీస్టైరీన్‌ను మెత్తబరుస్తుంది. తడి పొర మందంగా వేస్తే కింద ప్లాస్టిక్ గుంట పడుతుంది.

అపోహ: ఖరీదైన సెట్ అయితే అచ్చు గుద్దినట్టు కూర్చుంటుంది.

వాస్తవం: ఎంత పెట్టి కొన్నా రెజిన్ గట్టిపడేటప్పుడు కొంచెం ముడుచుకుంటుంది, సిలికోన్ అచ్చు కూడా వాడేకొద్దీ మారుతుంది. ఒక శాతం ముడుచుకున్నా 25 మి.మీ. వెడల్పున్న చోట పావు మి.మీ. మెట్టు తేలుతుంది. వేలితో తడిమితేనే తెలిసిపోతుంది. మెట్టు తీయడానికి పెద్దదిగా ఉన్న కిట్ బాడీని తెగ రుద్దితే ప్యానెల్ గీతలు పోతాయి. కొంచెం రుద్దండి, మిగతాది రెజిన్ అంచు మీద పల్చగా పూత పూసి పెంచండి. రెజిన్ పెద్దదైతే కిట్ బాడీ లోపల అడ్డంగా ప్లాస్టిక్ పట్టీ బిగించి, దాన్నే కాస్త వెడల్పు చేయండి.

కాక్‌పిట్ తొట్టిది వేరే పేచీ. రెజిన్ గోడ మందం, కిట్ గోడ మందం రెండూ కలిస్తే బాడీ మూసుకోదు. కిట్ గోడను లోపలి వైపు నుంచి, లైటుకు పట్టి చూస్తే వెలుతురు కనబడేంత పల్చగా గీకాలి. మిగ్-21లో ముందు చక్రం గది కాక్‌పిట్ కిందే ఉంటుంది. తొట్టి అడుగు, గది పైకప్పు ఢీకొంటున్నాయేమో జిగురు పెట్టకముందే చూడండి. అడుగును నూరాల్సి వస్తే తొట్టి అడుగునే నూరండి, చక్రం గది జోలికి పోవద్దు.

రెజిన్ మీద బుడగల గుంటలకు సయనోలో టాల్కం పౌడర్ కలిపి ముద్ద చేసి నింపండి. గంటలోపు రుద్దేయండి. రేపు చూద్దాంలే అంటే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిపడి, పక్కది అరుగుతుంది గానీ అది అరగదు. వంటసోడాతో అయితే మరీ రాయే.

అపోహ: రెజిన్ పొడి ఏం చేస్తుంది, ప్లాస్టిక్కే కదా.

వాస్తవం: కోసినా రుద్దినా లేచే సన్న పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి రుద్దండి, ఎన్95 మాస్క్ పెట్టుకోండి. ఫ్యాన్ కింద ఈ పని చేయొద్దు. పొడిని చీపురుతో ఊడ్చకుండా తడి గుడ్డతో తుడవండి. దీంట్లో వాదన లేదు.

అపోహ: ముక్కులో ఏ బరువైనా కూరి ఫెవికాల్ పోస్తే మోడల్ తోక మీద కూలబడదు.

వాస్తవం: ముందు అసలు బరువు కావాలా చూడండి. రెజిన్ సాంద్రత పాలీస్టైరీన్ కంటే పెద్దగా ఎక్కువ కాదు. కానీ రెజిన్ ముక్కలు గట్టి ముద్దలు, కిట్ ముక్కలు డొల్ల. రెజిన్ ముక్కు పెడితే ముందు బరువు దానంతటదే పెరుగుతుంది. వెనక రెజిన్ ఎగ్జాస్ట్ గొట్టం కూడా పెడితే లెక్క తారుమారు. అన్నీ టేపుతో కట్టి, వెనక చక్రాల గుంటల కింద రెండు పెన్సిళ్లు నిలబెట్టి ఆనించండి. ముక్కు కిందికి వాలేదాకా బరువు పెంచుతూ పోయి, తేలినదానికి పావు వంతు కలపండి.

65వ నంబర్ హైవే మీద నార్కట్‌పల్లి, సూర్యాపేట దాకా, 44 మీద జడ్చర్ల చుట్టుపక్కలా టైర్ల షాపులకు కొదవ లేదు. చక్రాల బ్యాలెన్సింగ్‌కు అంటించే 5 గ్రాముల, 10 గ్రాముల బిళ్లలు అడిగి తెచ్చుకోండి. లెక్క తేలిక. వలలకు కట్టే సీసపు గుండ్లూ పనికొస్తాయి. సైకిల్ బేరింగ్ బాల్స్ ఉక్కువి కాబట్టి అదే బరువుకు ఎక్కువ చోటు తింటాయి. మిగ్‌కు ముక్కే గాలి దారి కాబట్టి బరువుకు చోటు తక్కువ: కోన్ లోపల, కాక్‌పిట్ తొట్టికీ చక్రం గదికీ మధ్య సందుల్లో. ముక్కు కొసకు ఎంత దగ్గరైతే అంత తక్కువ బరువు సరిపోతుంది.

సీసాన్ని ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో మాత్రం ముంచొద్దు. ఆ జిగురు నుంచి వచ్చే ఆమ్లానికి సీసం మెల్లగా తెల్ల పొడిగా మారుతూ ఉబ్బుతుంది. నెలలో, ఏళ్లో గడిచాక బాడీ అతుకు దానంతటదే పగులుతుంది. ఎపాక్సీతోనే బిగించండి. సీసం ముట్టాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

అపోహ: వంగిన రెజిన్ ముక్క పనికిరాదు.

వాస్తవం: 60–70 డిగ్రీల వేడి నీళ్లలో అర నిమిషం ఉంచి, బల్లపరుపు గాజు మీద సరిచేసి, చన్నీళ్లలో ముంచితే ఆ ఆకారంలోనే నిలబడుతుంది. ఇదే గుణం తిరగబడుతుంది కూడా. ఎండకాలం మధ్యాహ్నం తలుపులు మూసి నిలిపిన కారులోనో, రేకుల గదిలో కిటికీ పక్కనో పెట్టిన మోడల్‌కు సన్న రెజిన్ ముక్కలు వాలిపోతాయి. పిటో గొట్టానికి రెజిన్ వాడకండి. ఇంజెక్షన్ సూదులు బ్రహ్మాండంగా పనికొస్తాయి. 26 గేజ్ బయటి వ్యాసం 0.46 మి.మీ., 21 గేజ్ 0.82. 21 గేజ్ సూదిలో 26 గేజ్‌ది దూర్చితే ముందుకు సన్నబడే గొట్టం తయారు. కొత్త సూదినే వాడండి, మొన ముందే తుంచేయండి.

అపోహ: ఎండకాలంలో రంగు త్వరగా ఆరుతుంది, అదే మంచి కాలం.

వాస్తవం: మరీ త్వరగా ఆరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం అక్రిలిక్ రంగు ఎయిర్‌బ్రష్ సూది కొనమీదే గడ్డకడుతుంది. మోడల్‌ను చేరే చుక్కలు గాల్లోనే ఆరి, గరుకుగా పడతాయి. పొద్దున్నే వేయండి, ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ రెండు చుక్కలు కలపండి. అదే పొడి గాలికి సయనో కూడా ఆలస్యంగా పడుతుంది, దానికి తేమ కావాలి. వానకాలంలో తంటా వేరు: లాకర్ పూత మీద తేమ చేరి తెల్లబారుతుంది. ముసురు పట్టిన రోజు మెరుపు కోటు వాయిదా వేయడమే నయం.

మొదటి కన్వర్షన్‌కు వెండి రంగు పెట్టుకోకండి. అతుకు దగ్గర 600 పేపర్ గీత ఒక్కటి మిగిలినా అది అరిచి చెబుతుంది. కామోఫ్లాజ్ క్షమిస్తుంది.

అపోహ: డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు) మీద తెల్ల మచ్చలు మన నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే.

వాస్తవం: నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, ఈ మచ్చలు కాల్షియం, మెగ్నీషియం లవణాలవి. బకెట్ అంచున పేరుకునే తెల్ల పొర లాంటివే. నీళ్లు ఆరినా ఉప్పు డెకాల్ కింద ఉండిపోతుంది. డెకాల్స్ నానబెట్టడానికి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. బ్యాటరీ యాసిడ్ కాదు, సీసా మీద పేరు చదివి తీసుకోండి. చివరి కడుగుడుకూ అదే.

తోక మీద త్రివర్ణ పట్టీ వేసేటప్పుడు ఎడమా కుడీ చూసుకోండి. రెండు వైపులా కాషాయం ముక్కు వైపే ఉండాలి, అంటే రెండు పట్టీలూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. వాయుసేన గుండ్రటి గుర్తు రౌండెల్‌లో కాషాయం బయట, తెలుపు మధ్యన, ఆకుపచ్చ లోపల.