పైలట్ల రిటైర్మెంట్ 65 నుంచి 67కి: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, పాలమూరు నుంచి పిల్లల్ని పైలట్ కోర్సుకు పంపాలనుకునే తల్లిదండ్రులు, శంషాబాద్‌లో గల్ఫ్ విమానం ఎక్కే కుటుంబాలు పైలట్ల రిటైర్మెంట్ వయసు 65 నుంచి 67కి పెంచాలన్న చర్చ మీద అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: 2021లో మన రాష్ట్ర ఉద్యోగులకు 58 నుంచి 61కి పెంచినట్టే, ఇదీ ఒక్క జీవోతో అయిపోతుంది.

వాస్తవం: కాదు. అంతర్జాతీయ విమానాలకు ఈ హద్దు పెట్టేది ఐక్యరాజ్యసమితి పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ. 2006లో 60ని 65 చేసింది, పక్క సీట్లో 60 లోపు పైలట్ ఉండాలన్న షరతుతో. 2014లో ఆ షరతు తీసేసింది. 67 చేయమని విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ 2025లో కోరితే ఒప్పుకోలేదు. 2024 నాటి అమెరికా చట్టంలోనూ 67కు చోటు దొరకలేదు.

మన దేశం ఒక్కటే పెంచితే ఆ రెండేళ్లూ దేశం లోపలే నడపాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఢిల్లీ నుంచి అమెరికాకు బోయింగ్ 777 నడిపే కెప్టెన్‌ను 65 నిండగానే దేశీయ రూట్లలో తిరిగే ఎయిర్‌బస్ 320కి మార్చాలి. అంటే కొత్త టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత): క్లాసులు, సిమ్యులేటర్ (నేల మీది నమూనా కాక్‌పిట్), చెక్ అనే పరీక్ష, ఆ తర్వాత ట్రైనింగ్ కెప్టెన్‌తో మామూలు సర్వీసుల్లో లైన్ ఫ్లయింగ్. రెండేళ్ల సర్వీసు కోసం నెలల శిక్షణ. అదే సిమ్యులేటర్ కోసం కుర్రాళ్లు కూడా క్యూలో ఉంటారు.

అపోహ: 65 దాటిన పైలట్ గాల్లో కుప్పకూలితే విమానం గతి అంతే.

వాస్తవం: ఇద్దరు పైలట్ల విమానానికి వైద్యులు వేసే లెక్క ఒకటుంది. ఒక పైలట్ ఉన్నట్టుండి అశక్తుడయ్యే అవకాశం ఏడాదికి నూటికి ఒకటి దాటకూడదు. ఏడాదికి 8,760 గంటలు, కాబట్టి గంటకు సుమారు పది లక్షల్లో ఒకటి. టేకాఫ్, ల్యాండింగ్ వంటి కీలక సమయం ప్రయాణంలో పదో వంతు. ఆ క్షణంలో రెండో పైలట్ అందుకోలేకపోయే అవకాశం నూటికి ఒకటి. గుణిస్తే, ఇలా ప్రమాదం జరిగే అవకాశం వంద కోట్ల గంటలకు ఒకసారి.

కో-పైలట్ అంటే సహాయకుడు కాదు, అదే విమానానికి పూర్తి రేటింగ్ ఉన్నవాడు. రెండుసార్లు పిలిచినా కెప్టెన్ పలకకపోతే "ఐ హావ్ కంట్రోల్" అని తీసుకుంటాడు. ఆటోపైలట్ వేసి, ఆ మనిషి శరీరం కంట్రోళ్ల మీద వాలకుండా క్యాబిన్ సిబ్బందితో భుజం బెల్టు లాక్ చేయించి, సీటు వెనక్కి జరిపించి, అనువైన దగ్గరి ఎయిర్‌పోర్టులో దింపుతాడు. ఇది సిమ్యులేటర్‌లో సాధన చేసే పనే. అన్నట్టు, పైలట్లను ఇలా పడేసేది ఎక్కువగా కడుపు జబ్బే. ఇద్దరూ ఒకే భోజనం తినకూడదనేది అందుకే.

అపోహ: ఫిట్‌గా ఉంటే చాలు, వయసుతో పనేముంది?

వాస్తవం: ఇదీ సగం నిజమే. 60 దాటాక మెడికల్ (వైద్య పరీక్ష) ఆరు నెలలకోసారి. ఈసీజీ, చూపు, వినికిడి అందులో తేలతాయి. తల ఎత్తి పైనున్న ప్యానెల్ చదవాలంటే కింద రీడింగ్ భాగమున్న కళ్లద్దాలు పనికిరావు, వేరే లెన్స్ కావాలి, స్పేర్ జత బ్యాగులో ఉండాలి. కానీ తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య, శరీరం నిద్ర కోరే వేళలో, మెదడు ఎంత చురుగ్గా ఉంటుందో ఈసీజీ చెప్పదు. వయసు పెరిగేకొద్దీ నిద్ర పలచబడుతుంది. 67 ఇస్తే జ్ఞాపకశక్తి, స్పందన వేగం పరీక్షలు, రాత్రి డ్యూటీలకు హద్దు కూడా దానితోపాటే రావాలి. అవి లేకుండా అంకె మార్చడం తప్పని మా అభిప్రాయం.

అపోహ: 65 తర్వాత ఇంట్లోనే.

వాస్తవం: సిమ్యులేటర్‌లో శిక్షణ ఇవ్వొచ్చు.

అపోహ: పెద్దలు దిగకపోతే మా పిల్లలకు ఉద్యోగాలుండవు.

వాస్తవం: 200 గంటల సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్)తో వచ్చేవారికి దొరికేది కో-పైలట్ సీటు. కెప్టెన్‌కు 1,500 గంటల పైన ఇచ్చే పై స్థాయి లైసెన్స్ ఏటీపీఎల్ కావాలి, కొరత అక్కడే. ఒక కెప్టెన్ నిలిస్తే అతని పక్కన ఒక కో-పైలట్ సీటూ నిలుస్తుంది. నిజంగా నష్టపోయేది కమాండ్ (కెప్టెన్ సీటు) కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న సీనియర్ కో-పైలట్, అతని బాధ న్యాయమైనదే. మీ పిల్లల విషయంలో అంతకంటే ముందు చూడాల్సింది మెడికల్. ఫీజు కట్టకముందే క్లాస్ 2 మెడికల్, ఆ వెంటనే క్లాస్ 1 మెడికల్ చేయించండి. రంగులు గుర్తించడంలో లోపముంటే అది అక్కడే బయటపడుతుంది.