వూ గ్వాన్‌జోంగ్ సిరా వివాదం: నేపథ్యం

చిత్రం నుంచి విడదీసి చూస్తే కుంచె, సిరాల నైపుణ్యం విలువ సున్నా అని 1990ల తొలినాళ్లలో చిత్రకారుడు వూ గ్వాన్‌జోంగ్ రాసిన వ్యాసం చైనా చిత్రకారులను రెండు వర్గాలుగా చీల్చింది. గీతలోని పట్టును, సిరా చిక్కదనంలోని తేడాలను బట్టి చిత్రానికి విలువ కట్టడం అక్కడ శతాబ్దాల ఆచారం కాబట్టి, వారసత్వాన్నే ఆయన కాదన్నట్లు చాలామంది భావించారు. అయితే సొంత సంప్రదాయంలో ఏది నిలుపుకోవాలి, యూరప్ నుంచి ఏది తీసుకోవాలి అన్న ఈ తగవు ఆయనతో మొదలైంది కాదు.

1715లో చైనా చేరిన ఇటలీకి చెందిన జెస్యూట్ (ఒక క్యాథలిక్ మత సంఘం) చిత్రకారుడు కాస్టిలియోనే చక్రవర్తి ఆస్థానంలో యూరప్ పద్ధతిని ప్రవేశపెట్టారు గానీ, ముఖంలో సగం నీడలో ఉండటం చక్రవర్తులకు రుచించకపోవడంతో, వెలుతురు ఎదురుగా పడుతున్నట్లు ముఖాలను దిద్దవలసి వచ్చింది. ఏది స్వీకరించాలో, ఏది వదలాలో అప్పుడు నిర్ణయించింది సింహాసనమే.

20వ శతాబ్దంలో ఆ నిర్ణయం కళాశాలల చేతికి వచ్చింది. పారిస్‌లో చదివి వచ్చిన చిత్రకారుడు షూ బేహోంగ్ కచ్చితమైన రూపచిత్రణే చైనా కళకు మందు అని నమ్మారు. రవీంద్రుని ఆహ్వానంపై శాంతినికేతన్ వచ్చిన ఆయన, కొండలను తవ్వే వృద్ధుడి చైనా నీతికథను 1940లో మన దేశంలోనే, భారతీయులను నమూనాలుగా నిలిపి చిత్రించారు. 1928లో హాంగ్‌జౌలో కళాశాల స్థాపించిన లిన్ ఫెంగ్‌మియాన్ మాత్రం ఆధునిక యూరప్ చిత్రకళలోని రంగు, రూపాల స్వేచ్ఛ వైపు మొగ్గారు. 1949 తర్వాత ప్రభుత్వం వాస్తవికవాదానికే పట్టం కట్టింది.

హాంగ్‌జౌ విద్యార్థి అయిన వూ 1947లో పారిస్ వెళ్లి, 1950లో స్వదేశానికి తిరిగివచ్చి, రూపవాది (విషయం కన్నా రూపానికే ప్రాధాన్యమిచ్చేవాడు) అన్న ముద్రను మోయవలసి వచ్చింది. సాంస్కృతిక విప్లవ కాలంలో ఉత్తర చైనాలోని హెబే రాష్ట్రపు పల్లెకు పంపినప్పుడు, పేడ ఎత్తే బుట్టనే ఈజిల్‌గా నిలబెట్టుకుని పొలాల్లో తైలవర్ణాలు వేశారు. రూపసౌందర్యాన్ని బాహాటంగా సమర్థిస్తూ వ్యాసం ప్రచురించే అవకాశం 1979లో గానీ రాలేదు. 1981 నాటి 'జంట స్వాలో పక్షులు' చిత్రంలో దక్షిణ చైనా ఇంటి తెల్లని గోడ, నల్లని వాకిలి, బూడిదరంగు పెంకులు దాదాపు జ్యామితి ఆకారాలుగా మారిపోతాయి. వాడింది సిరాయే అయినా కూర్పు పారిస్‌ను గుర్తుచేస్తుంది. ఆ తెల్లని గోడను కాగితపు ఖాళీగా వదిలేయడంలో రెండు సంప్రదాయాలూ ఇంత సహజంగా కలిసిన చిత్రాలు అరుదని నా అభిప్రాయం.

చిత్రకారుడు జాంగ్ డింగ్ 1990ల చివర వూ వ్యాసానికి జవాబిస్తూ, కుంచె, సిరాలే చైనా చిత్రకళ దాటకూడని హద్దు అని వాదించారు. ఆ హద్దు చెరిగిపోతుందన్న భయంలో న్యాయం లేకపోలేదు. కానీ వూ కాదన్నది కుంచెను కాదు, చెప్పదలచిన భావంతో సంబంధం లేకుండా కుంచె పనితనాన్ని కొలిచే అలవాటును.