పడిన బిడ్డ ఏడుస్తూ మీ దగ్గరికొస్తే

కన్నవారి దగ్గర ఉండలేక ఫోస్టర్ కుటుంబానికి, అంటే కొంతకాలం తమ బిడ్డలా పెంచే కొత్త ఇంటికి, వచ్చిన పిల్లవాడు మొదట్లో చెప్పిన మాట వింటాడు, పెట్టింది తింటాడు. ఎంత బుద్ధిమంతుడో అని అందరూ మెచ్చుకుంటారు. కొన్ని వారాలు గడిచాక పక్క తడపడం, తలుపులు దబదబా వేయడం, చిన్నమాటకే గుక్కపట్టి ఏడవడం మొదలవుతాయి. తమ పెంపకంలోనే ఏదో లోపముందని ఫోస్టర్ తల్లిదండ్రులు బెంబేలెత్తేది ఇక్కడే. నిజానికి మొదట కనిపించిన అణకువ చాలాసార్లు భయం వల్ల వచ్చినదే. ఏడ్చినా ఇక్కడ గెంటెయ్యరన్న ధైర్యం కాస్త చిక్కాకే లోపలి బాధ బయటికొస్తుంది.

ఇందులో శరీరం పాత్రా ఉంది. ఒత్తిడికి స్పందించే కార్టిసాల్ అనే హార్మోను నిద్రలేచిన అరగంటకు బాగా పెరిగి, రాత్రికి తగ్గిపోతుంది. నిర్లక్ష్యానికి గురై, ఇళ్లు మారిన చిన్నపిల్లల్లో చాలామందికి ఉదయపు పెరుగుదల మందగించి, రోజంతా దాదాపు ఒకే మట్టంలో సాగుతుంది. పెంచేవాళ్లకు సరైన శిక్షణ అందినచోట ఈ లయ మళ్లీ దారిన పడడం పరిశోధకులు గమనించారు. కాబట్టి తిండి, స్నానం, నిద్ర రోజూ ఒకే వరుసలో జరగాలని పట్టుబట్టడం చాదస్తం కాదు.

అన్నిటికన్నా కష్టమైంది, ఓదార్పు వద్దనే బిడ్డను ఓదార్చడం. మోకాలు చీరుకుపోయినా కొందరు పిల్లలు ఏడవరు, దగ్గరికి తీసుకోబోతే తోసేస్తారు. దాంతో పెద్దవాళ్లు తెలియకుండానే వెనక్కి తగ్గుతారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ డోజియర్ ఈ విషవలయాన్ని గుర్తించి, ఇంటికే వచ్చి నేర్పే 10 విడతల శిక్షణ రూపొందించారు. బిడ్డ అడగకపోయినా ఆప్యాయత చూపాలన్నది అందులో ముఖ్యమైన పాఠం. బలవంతంగా హత్తుకోవద్దు. బారెడు దూరంలో, బిడ్డ ఎత్తుకు దిగి కూర్చోండి. "నొప్పిగా ఉంది కదూ, నేనిక్కడే ఉన్నా" అని ఊరుకోండి. పదిసార్లు తోసేసినా పదకొండోసారి కూడా అలాగే కూర్చోవాలి.

దిండు కింద బిస్కెట్లు దొరికితే దొంగతనం అనకండి. ఆకలి ఎరిగిన బిడ్డ రేపటికి దాచుకుంటోంది. అడగకుండా తీసుకోగల చోట తన పేరుతో ఒక డబ్బా పెట్టి, అది ఎప్పుడూ ఖాళీ కాకుండా చూడండి. పసిపిల్లలైతే గొంతుకు అడ్డం పడేవి అందులో ఉంచకూడదు. రెండు మూడు గంటలకోసారి ఏదో ఒకటి పెట్టండి. శిక్షగా తిండి ఆపడం మాత్రం ఎన్నడూ వద్దు, అది పాత భయాన్నే నిజం చేస్తుంది. దాచుకునే అలవాటు పోవడానికి నెలలు పడుతుంది.

తనతో తెచ్చుకున్న దుప్పటి ఎంత మాసినా వెంటనే ఉతకకండి. పరిచయమైన వాసన అందులోనే మిగిలి ఉంటుంది.

కన్నవారిని కలిసొచ్చిన రోజు ఇల్లు దద్దరిల్లవచ్చు. అంతమాత్రాన ఆ కలయిక చెడ్డదని తేల్చెయ్యకూడదు. మళ్లీ విడిపోయిన దుఃఖం, రెండు కుటుంబాల్లో ఎవరి పక్షమన్న నలుగుబాటు అలా బయటపడతాయి. చిన్నవాళ్లకు వారం ముందు చెబితే వారమంతా నిద్ర ఉండదు, ముందురోజు చెబితే చాలు. తిరిగొచ్చాక రెండు గంటలు ఏ పనీ పెట్టుకోకండి, అక్కడేం జరిగిందని ఆరా తీయకండి.

ఈ శ్రమ ఫలిస్తుందనడానికి గట్టి ఆధారముంది. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్లలో సగం మందిని లాటరీ పద్ధతిలో ఫోస్టర్ కుటుంబాలకు పంపి, ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబాల్లో పెరిగినవాళ్లే మెరుగయ్యారు. రెండేళ్లలోపే వెళ్లినవాళ్లలో అనుబంధం, తెలివితేటలు ఇంకా బాగా పుంజుకున్నాయి.

ఇంట్లో మాత్రం ఫలితం చాలా చిన్నగా కనిపిస్తుంది. ఎన్నడూ ఏడవని పిల్ల పడి, బొబ్బలు పెడుతూ మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తుంది. చూసేవాళ్లకు అది మామూలు ఏడుపు, మీకు పండగ.

ఆ బిడ్డ ఒకనాడు కన్నవారి దగ్గరికి వెళ్లిపోవచ్చు. మీకు దుఃఖం తప్పదు, దాన్ని దాచుకోనక్కర్లేదు. ఫొటోల పుస్తకంతోపాటు ఒక కాగితం కూడా ఇచ్చి పంపండి: ఎన్నింటికి పడుకుంటుంది, దీపం ఉంచాలా, ఏడిస్తే ఏం చేస్తే ఊరుకుంటుంది.