అన్యభాషలు: ఒక షరతు వెనుక ఉన్న చరిత్ర

హనుమకొండ, కాజీపేట, జనగామ వైపు ప్రార్థనా మందిరాల్లో కొత్తగా చేరినవారిని కొంతకాలం గడిచాక ఆప్యాయంగానే అడిగే ప్రశ్న ఒకటుంది: "అభిషేకమైందా అక్కా, భాషలు వచ్చినయా?" అభిషేకమంటే ఇక్కడ పరిశుద్ధాత్మ బాప్తిస్మం, అంటే దేవుని ఆత్మతో నిండిపోయే అనుభవం. భాషలంటే ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, పలికేవారికే అర్థం తెలియకుండా ప్రార్థనలో నోటివెంట వచ్చే అన్యభాషలు. లేదని జవాబిచ్చినవారి కోసం కనిపెట్టు ప్రార్థనలు, అంటే ఆత్మ కోసం ఎదురుచూసే ప్రార్థనలు, పెడతారు, ఉపవాసం ఉండమంటారు.

కాజీపేట శివారులో రేకుల కప్పు కింద జరిగిన అటువంటి ఒక శుక్రవారపు ప్రార్థనలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయిని చూశాను. చుట్టూ చాపల మీద మోకరించిన ఆడవాళ్ల గొంతులు ఒక్కొక్కటిగా తెలుగును దాటి వేరే పలుకుల్లోకి వెళ్లిపోతుంటే, ఆమె మాత్రం "స్తోత్రం, స్తోత్రం" అన్న దగ్గరే ఆగిపోయి వెక్కివెక్కి ఏడ్చింది. పక్కనున్న పెద్దావిడ ఆమె అరచేయి పట్టుకుని, "నీలో ఇంకా ఏదో అడ్డమున్నది బిడ్డా, ఒప్పుకో" అన్నది. ఆ మాటలో ప్రేమే ఉంది. అయితే ఆ అమ్మాయి మీద పడిన భారం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం అవసరమని నాకు అప్పుడే అనిపించింది. అన్యభాషల వరం ఎంత పాతదో, ఆ వరం లేకపోతే ఆత్మ బాప్తిస్మం లేనట్టేనన్న షరతు అంత పాతది కాదు.

బైబిలులోని అపొస్తలుల కార్యములు గ్రంథంలో అన్యభాషల ప్రస్తావన మూడు చోట్ల స్పష్టంగా ఉంది: రెండవ అధ్యాయంలో యెరూషలేములో పెంతెకొస్తు పండుగ నాడు, పదవ అధ్యాయంలో కొర్నేలీ ఇంట్లో, పంతొమ్మిదవ అధ్యాయంలో ఎఫెసులో. పెంతెకొస్తు నాటి వృత్తాంతంలో గ్రీకు మూలం వాడిన పదం "గ్లోస్సా". దానికి నాలుక అనీ భాష అనీ రెండర్థాలూ ఉన్నాయి. శిష్యుల మీద వాలిన అగ్నివంటి నాలుకలకూ, వారు పలికిన భాషలకూ గ్రీకులో ఒకటే మాట. మన తెలుగు బైబిలులో అది రెండుగా చీలిపోయి, మూడవ వచనంలో నాలుకలైంది, నాలుగవ వచనంలో అన్యభాషలైంది. ఆ రోజు ప్రజలు ఆశ్చర్యపోయింది మాటలు అర్థం కానందుకు కాదు. పార్తీయులు మొదలు అరబీయుల దాకా ఎవరి భాషలో వారికి అవి అర్థమైనందుకు.

గ్రీకు నగరమైన కొరింథులోని సంఘంలో పరిస్థితి వేరు. అక్కడ భాషతో మాట్లాడేవాడు మనుషులతో కాక దేవునితో మాట్లాడుతున్నాడని, వినేవారికి అది తెలియదని అపొస్తలుడైన పౌలు ఆ సంఘానికి రాసిన మొదటి పత్రిక పద్నాలుగవ అధ్యాయంలో అన్నాడు. మీ అందరికంటె ఎక్కువగా భాషలతో మాట్లాడుతున్నానని చెప్పుకున్నవాడే, సంఘంలో పదివేల మాటలు భాషతో పలకడంకంటె ఇతరులకు బోధపడే అయిదు మాటలు మేలన్నాడు. ఇద్దరు లేదా ముగ్గురికి మించకుండా, ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలనీ, ఒకరు అర్థం చెప్పాలనీ, చెప్పేవారు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండాలనీ నియమం పెట్టాడు. అదే అధ్యాయం చివర, భాషలను ఆటంకపరచవద్దనీ అన్నాడు. పన్నెండవ అధ్యాయం ముగింపులో అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అని ఆయన అడిగిన తీరు, కాదన్న జవాబును ఆశించి అడిగినదే. మన ప్రాంతంలో ఈ వరాన్ని కోరేవారూ కాదనేవారూ ఈ అధ్యాయాల నుంచి చెరి సగం చదువుతున్నారని నా అభిప్రాయం.

రెండవ శతాబ్దంలో ఫ్రుగియ ప్రాంతంలో మోంతాను అనుచరుల ఆవేశపూరిత ప్రవచనాలు సంఘాన్ని కలవరపెట్టాయి. నాలుగవ శతాబ్దం చివరికి వచ్చేసరికి, కొరింథు పత్రికను వివరిస్తూ ప్రసిద్ధ బోధకుడు జాన్ క్రిసోస్టమ్, ఆ కాలంలో జరిగినవి ఇప్పుడు జరగడం లేదు గనుక ఈ భాగం అస్పష్టంగా ఉందని ఒప్పుకున్నాడు. సంఘమే సకల జనుల భాషల్లో మాట్లాడుతున్నందున ఆ సూచన నెరవేరిందన్నది బిషప్ అగస్టీన్ వాదం. వరాలు అపొస్తలుల కాలంతో ఆగిపోయాయని నేడు కొందరు బోధకులు చెప్పే మాటకు మూలాలు ఇటువంటి చోట్లే ఉన్నాయి.

అన్యభాషలు అమెరికా నుంచి దిగుమతి అయ్యాయన్న మాట మనవైపు తరచూ వినిపిస్తుంది. అది సగమే నిజం. 1860లో తిరునెల్వేలి ప్రాంతంలో జాన్ క్రిస్టియన్ అరుళప్పన్ అనే తమిళ బోధకుని పరిచర్యలో ఉజ్జీవం, అంటే విశ్వాసంలో కొత్త ఊపు, వచ్చి, అన్యభాషలు, ప్రవచనాలు కనిపించినట్టు నమోదైంది. డోర్నకల్ మేత్రాసనానికి (బిషప్ పరిధిలోని ప్రాంతానికి) 1912లో తొలి బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కూడా తిరునెల్వేలివాడే. అయితే ఆయన మన పల్లెలకు తెచ్చింది ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) ప్రార్థన పుస్తకపు క్రమాన్ని. 1905లో పూనా దగ్గర కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో ఉజ్జీవం మొదలైంది; కొంతకాలానికి అక్కడి అమ్మాయిలు అన్యభాషల్లో ప్రార్థించారు. రమాబాయి దాన్ని వెనకేసుకొచ్చింది, కానీ ప్రతి ఒక్కరికీ అది రావలసిందేనని పట్టుబట్టలేదు.

షరతు పుట్టింది మాత్రం అమెరికాలోనే. కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో చార్లెస్ పార్హమ్ నడిపిన బైబిలు పాఠశాలలో, ఆత్మ బాప్తిస్మానికి లేఖనాధారమైన రుజువు ఏమిటని విద్యార్థులు వెదికి అన్యభాషలేనని తేల్చారు. 1901 జనవరి 1న ఆగ్నెస్ ఓజ్మన్ అనే విద్యార్థిని ఆ అనుభవం పొందింది. పార్హమ్ బోధను హూస్టన్‌లో గది బయట కూర్చుని వినవలసి వచ్చిన నల్లజాతి బోధకుడు విలియం సీమోర్, 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో ఒక పాత కట్టడంలో కూటాలు ప్రారంభించాడు. బానిసలుగా బతికిన తల్లిదండ్రుల బిడ్డ నడిపిన ఆ కూటాల్లో నల్లవారూ తెల్లవారూ ఒకే బల్లల మీద కూర్చున్నారు. సీమోర్ కాలక్రమంలో భాషలకంటె ప్రేమనే ఆత్మకు గురుతుగా బోధించాడు.

అజూసా నుంచి బయలుదేరిన ఆల్ఫ్రెడ్ గార్, లిలియన్ గార్ దంపతులు 1907 ఆరంభంలో కలకత్తా చేరారు. తమకు వచ్చింది భారతీయ భాషేనని, నేర్చుకోకుండానే ఇక్కడివారికి సువార్త చెప్పగలమని వారు నమ్మారు. అలా జరగలేదు. అన్యభాష ఆరాధన కోసమే తప్ప ప్రకటన కోసం కాదని గార్ తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. 1914లో ఏర్పడిన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే అమెరికా పెంతెకొస్తు సంఘం, 1916 నాటి విశ్వాస ప్రకటనలో భాషలను ఆత్మ బాప్తిస్మానికి తొలి సూచనగా రాసుకుంది. కలకత్తాలో జరిగినదాని కంటె ఆ వాక్యమే ఎక్కువ దూరం ప్రయాణించింది.

తెలుగు నేలకు ఆత్మ బాప్తిస్మాన్ని నొక్కి చెప్పే ఈ పెంతెకొస్తు బోధ ప్రధానంగా కేరళ మీదుగా వచ్చింది. కేరళ నుంచి వచ్చిన పి.ఎం. శామ్యూల్ కోస్తాలో పని చేశాడు. ఇండియన్ పెంతెకొస్తు సంఘం 1935లో ఏలూరులో నమోదైంది. 1938లో ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిలు మిషను దర్శనాలకూ సన్నిధి ప్రార్థనలకూ చోటిచ్చి, అభిషేకమన్న మాటను సామాన్య విశ్వాసికి దగ్గర చేసింది. హనుమకొండలో 1879లోనే అమెరికన్ బాప్టిస్టులు కేంద్రం పెట్టారు. వారి ఆరాధనలో వాక్యోపదేశానిదే పెద్దపీట. 1967లో అమెరికా కథోలిక విద్యార్థుల మధ్య మొదలైన కరిస్మాటిక్ (ఆత్మ వరాలను కోరే) ఉద్యమం తరువాత మన దేశంలోని కథోలికుల్లోనూ వ్యాపించింది. అందుచేత భాషలు వచ్చాయా అన్న ఈ ప్రశ్న సంఘాల మధ్యనే కాదు, ఒకే ఇంట్లో అత్తకూ కోడలికీ మధ్య కూడా నడుస్తోంది.

భాషాశాస్త్రజ్ఞుడు విలియం సమారిన్ 1972లో ప్రచురించిన పరిశీలనలో, ఇటువంటి పలుకుల్లోని ధ్వనులు ఎక్కువగా పలికేవారికి తెలిసిన భాషల్లోవేనని, వాటిలో భాషకుండే అర్థవ్యవస్థ కనిపించదని తేలింది. ఇది విశ్వాసిని తోసిపుచ్చే వాదం కాదు. మాటలకు అందని మూలుగును దేవుని ముందు పెట్టడానికి వ్యాకరణం అక్కరలేదు. దినమంతా పత్తి ఏరి వచ్చిన మనిషికి తెలుగులో చెప్పుకోలేని బరువు దిగే చోటు అదొక్కటే కావచ్చు. దాన్ని నేను గౌరవిస్తాను. అదే పలుకును మరొకరి రక్షణకు కొలబద్ద చేయడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

కాజీపేట మందిరంలో పాస్టరుగారు ఈ మధ్య అందరూ కలిసి ప్రార్థించాక మైకులో అర్థం చెప్పేవారున్నారా అని అడిగి, కొద్దిసేపు ఆగుతున్నారు. ఎవరూ లేవకపోతే వాక్యంలోకి వెళ్తున్నారు. ఆ అమ్మాయి ఇప్పటికీ అక్కడికే వస్తోంది. కూటం ముగిసి చాపలు చుట్టేటప్పుడు, పక్క ఊరి నుంచి వచ్చే చదువురాని పెద్దమ్మ పక్కన కూర్చుని, ఆ రోజు వాక్యభాగాన్ని మళ్లీ చదివి ఆమె మాటల్లో విప్పి చెప్పే పని తనదే.